ఆర్నెటా కుట్టిన గ్లౌజు

టాలిస్ కాలేజీ స్టేడియం మెట్లు దిగి కుడివైపు తిరిగితే కిటికీ లేని గది ఒకటుంది. ఇరవై తొమ్మిదేళ్లుగా ఆ గది ఆర్నెటా పిక్స్‌లీది. కాగితాల్లో కాలేజీది అని రాసుంటుంది, ఆ కాగితాలెవరిక్కావాలి? నాలుగు పెద్ద వాషర్లు, మూడు డ్రయ్యర్లు, ఒక కుట్టుమిషను, ఒక చెక్క కుర్చీ, ఆ కుర్చీలో అరవై రెండేళ్ల ఆర్నెటా. తలుపు తట్టకుండా లోపలికొస్తే కోచ్‌కైనా చివాట్లు తప్పవు.

చేత్తో బంతి విసురుతూ, ఎదుటివాళ్లని గుద్ది పడగొట్టే ఆట మా ఫుట్‌బాల్. ఆ జట్టులో నూటపది మంది కుర్రాళ్లు. ఒక్కొక్కడికీ నంబరు వేసిన పట్టీ ఒకటి ఉంటుంది. ప్రాక్టీసు అయ్యాక చొక్కా, నిక్కరు, మేజోళ్లు ఆ పట్టీకి గుచ్చి బుట్టలో పడేసి పోతారు. పట్టీ చూసి ఆర్నెటా మనిషిని చెప్పేస్తుంది. మేజోళ్లు తిరగబడి ఉంటే వాడు ఇంట్లో అమ్మచేత అన్నీ చేయించుకున్నవాడు. బురద దులిపి వేస్తే ఎప్పుడో ఒకప్పుడు తన బట్టలు తనే ఉతుక్కున్నవాడు. వారం రోజులుగా పట్టీలో నిక్కరు ఒక్కటే వస్తోందంటే వాడు మిగతావి వేసుకునే పడుకుంటున్నాడు, వాడికి దుప్పటి కావాలి. అలాంటివాడికి మర్నాడు బుట్టలో దుప్పటి కనపడేది. ఎవరు పెట్టారని అడిగితే ఆమెకి తెలియదు.

ఏటా మార్చిలో ప్రొఫెషనల్ జట్ల మనుషులు మా ఊళ్లో దిగుతారు. ఆఖరి ఏడాది కుర్రాళ్లని పరిగెత్తిస్తారు, ఎగిరిస్తారు, అరచేతులు సహా కొలుస్తారు. వీళ్లు రాసుకుపోయిన దాన్నిబట్టే ఏప్రిల్లో డ్రాఫ్ట్. మూడు రోజులపాటు జట్లు ఒకదాని తర్వాత ఒకటి పేర్లు పిలుస్తాయి. పేరు పిలిచారా, వాడి బతుకే మారిపోతుంది. పిలవలేదా, సోమవారం పొద్దున్న కోళ్ల ఫ్యాక్టరీ గేటు దగ్గర నిలబడాలి. మా ఊళ్లో మూడో దారి లేదు.

ఆ వచ్చినవాళ్లు కొలతలన్నీ అయ్యాక చల్లగా కిందికి దిగుతారు. వంటావిణ్ణి, నేల తుడిచేవాణ్ణి, బట్టలుతికే ఆర్నెటాని కదిలిస్తారు. ‘ఫలానా కుర్రాడు ఎలాంటివాడమ్మా’ అని. కోచ్ కోతలు కోస్తాడు, చాకిరీ చేసేవాళ్లు కొయ్యరని వాళ్ల నమ్మకం. ఆర్నెటా దగ్గర మాత్రం వాళ్ల పప్పులుడకవు. ఇరవై రెండేళ్లుగా ఆమెది ఒకటే జవాబు.

“నేను బట్టలుతుకుతాను బాబూ. మనుషుల్ని ఉతకను.”

అంతకుముందు అలా ఉండేది కాదు. నోరారా మాట్లాడేది. లెమ్యూల్ హాకిన్స్ దగ్గర ఆ నోరు మూతపడింది.

లెమ్యూల్ ఆ రోజుల్లో ఎదుటివాణ్ణి పడగొట్టడంలో మొనగాడు. తల్లికి జబ్బు. వాడు రాత్రంతా కోళ్ల ఫ్యాక్టరీలో నిలబడి మాంసం కోసి, తెల్లవారుతుండగా సరాసరి ఆర్నెటా గదికొచ్చేవాడు. డ్రయ్యర్లోంచి తీసిన తువ్వాళ్ల వెచ్చటి కుప్ప మీద వాలి, ప్రాక్టీసు దాకా ఒళ్లు తెలియకుండా నిద్రపోయేవాడు. ఆర్నెటా వాణ్ణి లేపి, గుడ్డలో చుట్టిన రొట్టె చేతిలో పెట్టి పంపేది. ఆ మార్చిలో నల్ల కళ్లజోడు పెట్టుకున్నాయన ఒకడు వచ్చి లెమ్యూల్ ఎలాంటివాడని అడిగాడు. ఆర్నెటా మురిసిపోతూ, “లెమ్యూలా? వాడికి నా తువ్వాళ్లంటే ప్రాణం. ఎప్పుడు చూసినా ఇక్కడే పడి నిద్రపోతుంటాడు” అంది. కన్నకొడుకు గురించి చెప్పినట్టు చెప్పింది. ఆయన ఏదో రెండు ముక్కలు గీకి, థాంక్స్ చెప్పి వెళ్లిపోయాడు. ఏం రాశావని ఆమె అడగలేదు.

మూడు రోజుల్లో ఒక్క జట్టూ లెమ్యూల్ పేరు పిలవలేదు. వేసవిలో ఒక చిన్న కోచ్ చెప్పాడు, అందరి కాగితాల్లోనూ వాడి పేరు పక్కన ‘బద్ధకస్తుడు’ అని ఉందట. ఒకరి దగ్గర చూసి ఒకరు ఎక్కించుకున్నారు. ఆర్నెటాకి తను చెప్పిన నిద్ర మాట గుర్తొచ్చింది. లెమ్యూల్ ఫ్యాక్టరీలోనే ఉండిపోయాడు. ఇప్పుడు పగటి డ్యూటీ మేస్త్రీ. చర్చిలో ఆమెకి రెండు వరసల ముందు కూర్చుంటాడు. శీతాకాలం వచ్చిందంటే వాళ్లావిడ చిలగడదుంపతో చేసిన తీపి రొట్టె ఒకటి తెచ్చి చేతిలో పెడతాడు. తన మాట వల్లే వాడికి అలా జరిగిందని ఆమె ఇరవై రెండేళ్లుగా చెప్పలేకపోయింది. ఆ రొట్టె ఏటా పక్కింటి పిల్లలకి పెట్టేసేది.

ఇక టెరియన్ గ్రిగ్స్ సంగతి. బంతి విసిరేవాడి ముందు గోడలా నిలబడే కుర్రాళ్లలో వాడొకడు. తలుపు పట్టనంత మనిషి, మాట మాత్రం పైకి రాదు. కిందటి అక్టోబరులో ఒక మధ్యాహ్నం తలుపు తట్టి, కుడిచెయ్యి వెనక దాచుకుని నిలబడ్డాడు.

“మిస్ ఆర్నెటా, చిన్న కుట్టుపని.”

“ఆ చెయ్యి ముందుకు తే.”

ఉంగరం వేలు వంకాయలా వాచి ఉంది. ఎముక విరిగింది.

“డాక్టరేమన్నాడు?”

“ఆరు వారాలు ఆడొద్దన్నాడు. కోచ్ ఆడమన్నాడు. గాయాల జాబితాలో పేరెక్కితే ఎదుటి జట్లు ఆ చేతి మీదే పడతాయంట. ప్లాస్టరేమో చెమటకి జారిపోతోంది. ఈ గ్లౌజులో రెండు వేళ్లూ కలిపి కుట్టేస్తే కదలకుండా ఉంటుంది కదా.”

“నీకు బుద్ధుందా?”

“ఉంది. స్కాలర్‌షిప్పు కూడా ఉంది. అది పోకూడదు కదా.”

ఆర్నెటా తిట్టింది. తిడుతూనే కుట్టింది. ఉంగరం వేలూ చిటికెన వేలూ ఒకటిగా కలిపి నైలాను దారంతో రెండు వరసలు. ప్రతి ఆటకీ ఒకటి చొప్పున ఆరు గ్లౌజులు అలా కుట్టింది. ఆరు ఆటలూ ఆడాడు వాడు. బరువులెత్తే గదికి మాత్రం తొమ్మిది రోజులు వెళ్లలేకపోయాడు. ఆ చేత్తో ఇనపకడ్డీ పట్టడం ఎవడి తరం? అక్కడి పుస్తకంలో తొమ్మిది గైర్హాజరులు పడ్డాయి.

ఆడేసిన గ్లౌజులు ఆమె పారేయలేదు. ఆమె ఏదీ పారేయదు. వేడి డ్రయ్యరు తలుపు తియ్యడానికి వాటినే వాడుకుంటోంది.

ఈ మార్చిలో, జట్ల మనుషులు వచ్చే ముందురోజు, కోచ్ మెర్కిల్ కిందికి దిగాడు. తలుపు తట్టాడులెండి.

“మిస్ ఆర్నెటా, రేపు వచ్చేవాళ్లతో సిబ్బంది ఎవరూ మాట్లాడకూడదు. అందరికీ చెప్తున్నాను.”

“నాకెందుకు చెప్పడం? నేనెప్పుడు మాట్లాడాను గనక?”

“అదే మీలో నాకు నచ్చేది. వచ్చే ఏడాది ఉద్యోగంలో ముప్ఫై ఏళ్లు నిండుతాయి కదా మీకు. చక్కగా కేకు కోసి సాగనంపాలని మా కోరిక. ఆ కేకు ఈ గదిలోనే కోద్దాం, ఏమంటారు?”

తియ్యగా నవ్వుతూ అన్నాడు. ఆ తీపి వెనకున్న కత్తి ఆమెకి కనపడకపోలేదు. మడతపెట్టిన తువ్వాలునే ఇంకోసారి మడతపెట్టింది.

మర్నాడు మధ్యాహ్నం టెరియన్ దిగులు మొహంతో వచ్చి బుట్టల మీద కూలబడ్డాడు. పరుగు బాగానే వచ్చిందట. బరువులూ బాగానే ఎత్తాడట. అయినా ప్రతివాడూ ఒకటే ప్రశ్న వేస్తున్నాడట, అక్టోబరులో తొమ్మిది రోజులు ఏమైపోయావని.

“వేలు విరిగిందని చెప్పొచ్చుగా?”

“కోచ్ ఆడించాడని కూడా చెప్పాలిగా. కోచ్ మీద చాడీలు చెప్పేవాణ్ణి ఏ జట్టు తీసుకుంటుంది మిస్ ఆర్నెటా? సొంత పని ఉందన్నాను.”

“సొంత పనా? నీ మొహం. పో, వెళ్లి ఏదైనా తిను.”

వాడు వెళ్లిన కాసేపటికి తలుపు తట్టిన చప్పుడైంది. సన్నటి పెద్దమనిషి. ఉత్తరాదిన ఎక్కడో మంచు కురిసే ఊరి జట్టు తరఫున వచ్చాడు, పేరు పెలెటియర్. టోపీ తీసి చేత్తో పట్టుకుని, టెరియన్ గ్రిగ్స్ గురించి రెండు మాటలు చెప్తారా అన్నాడు.

“నేను బట్టలుతుకుతాను బాబూ. మనుషుల్ని ఉతకను.”

“ఆ మాటే అంటారని పైనవాళ్లు చెప్పారు లెండి,” అంటూ ఆయన పుస్తకం మూసేశాడు. “నాకా కుర్రాడు నచ్చాడు. కానీ అక్టోబరులో రాని తొమ్మిది రోజుల గురించి అడిగితే కోచ్ గారు ఒక మాటన్నారు. వేరే మాట చెప్పేవాళ్లు లేనప్పుడు అదే రాసుకోవాలి మరి.”

“ఏమన్నాడు?”

“బద్ధకస్తుడన్నారు.”

ఆర్నెటా అప్పుడే డ్రయ్యరు తలుపు తియ్యబోతోంది. ఆ చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. ఇరవై రెండేళ్ల కిందటి మాట, అక్షరం తేడా లేకుండా. ముప్ఫై ఏళ్లూ, కేకూ, గదీ అన్నీ కలిపి గంగలో కలవనీ అనుకుంది.

“కూర్చో,” అంది. మీరు, గారు అన్నీ పోయాయి. ఆయన కూర్చున్నాడు.

చేతికున్న గ్లౌజు లాగి ఆయన ఒళ్లో పడేసింది. సొరుగులోంచి ఇంకో అయిదు తీసి దాని మీద వేసింది.

“ఆ వేళ్లు చూడు. రెండు వేళ్లూ ఎందుకు కలిపి కుట్టానో తెలుసా? లోపల వేలు విరిగింది గనక. ఆరు గ్లౌజులు, ఆరు ఆటలు. బరువుల గదికి రాని తొమ్మిది రోజులూ ఆ వారాల్లోనివే. తేదీలు నీ దగ్గరే ఉన్నాయిగా, చూసుకో. నొప్పని ఒక్కసారి అనలేదు వాడు, కుట్టు లూజైందని మాత్రం అనేవాడు. పుస్తకం తెరువు. రాయి.”

ఆయన తెరిచాడు. రాశాడు.

“ఇప్పుడు చదువు.”

“అమ్మా?”

“నువ్వేం రాశావో నాకు చదివి వినిపించు. ఇదివరకు ఒకడు నేనొకటి చెప్తే ఇంకొకటి రాసుకుపోయాడు. నువ్వు చదివేదాకా ఇక్కణ్ణించి కదలనివ్వను.”

ఆయన చదవడం మొదలుపెట్టాడు. సగంలో తలుపు ధడాలున తెరుచుకుంది. కోచ్ మెర్కిల్. మొహం కందగడ్డలా ఉంది.

“ఆర్నెటా, నిన్న నీకేం చెప్పాను?”

“తలుపు తట్టలేదు కోచ్.”

“నేనడిగేదేంటి, నువ్వు చెప్పేదేంటి?”

“బయటికెళ్లి తట్టి రండి. లేకపోతే అక్కడే నిలబడి వినండి. బాబూ, నువ్వు మొదట్నుంచీ చదువు. ఇందులో అబద్ధమేదైనా ఉంటే కోచ్ గారు చెప్తారు, కొట్టేద్దువుగాని.”

పెలెటియర్ మొదట్నుంచీ చదివాడు. చదవడమయ్యాక ఇద్దరూ కోచ్ వైపు చూశారు. గాయాల జాబితా అంటే అది వేరే విషయమన్నాడు. జట్టు ప్రయోజనాలన్నాడు. గ్లౌజుల వైపు మాత్రం చూడలేదు. వచ్చినదారినే వెళ్లిపోయాడు.

పెలెటియర్ లేవబోతుంటే ఆమె ఆపింది.

“ఇంకో పేరుంది. వేరే కాగితం మీద రాయి. లెమ్యూల్ హాకిన్స్. రాత్రంతా కోళ్ల ఫ్యాక్టరీలో పనిచేసి, పగలు చదివి, ఆడాడు. మధ్యలో నా గదిలో రెండు గంటలు పడుకున్నాడు. బద్ధకస్తుడు కాదు.”

ఆయన తన జాబితా పైనుంచి కిందిదాకా చూశాడు. “ఈ పేరు ఇందులో లేదమ్మా.”

“ఉండాల్సింది. రాయి.”

రాశాడు. అడక్కుండానే చదివాడు. ఆమె ఆ కాగితం ఆయన చేతిలోంచి తీసుకుని రవిక లోపల దాచుకుంది.

సోమవారానికి ఉత్తరం వచ్చింది. బట్టల గది ఖాళీ చేసి ఈతకొలను దగ్గర తువ్వాళ్లు పంచే పనికి మారాలని. ఆర్నెటా దాన్ని ఒకసారి చదివి, నాలుగు మడతలు పెట్టి, కదులుతున్న కుట్టుమిషను కాలు కింద దోపింది. “కావాలంటే కుర్చీతో సహా మోసుకుపొమ్మనండి” అని కబురంపింది. మొయ్యడానికి ఎవరూ రాలేదు. మిషను ఇప్పుడు కదలడం లేదు.

ఏప్రిల్లో, మూడో రోజు శనివారం సాయంత్రం, మంచు ఊరి జట్టు టెరియన్ గ్రిగ్స్ పేరు పిలిచింది. మా వీధి వీధంతా కేకలు. ఆర్నెటా మాత్రం గడప దాటలేదు. రోజూ రవికలోనే మోస్తున్న కాగితం గుచ్చుకుంటోంది. కోచ్ ముందు లేని భయం ఇప్పుడు పట్టుకుంది ఆమెని.

మర్నాడు ప్రార్థన అయ్యాక చర్చి మెట్ల మీద లెమ్యూల్‌ని పట్టుకుంది. కాగితం వాడి చేతిలో కుక్కింది. ఆ కళ్లజోడాయనకి తను ఏం చెప్పిందో, ఆయన ఏం రాశాడో ఊపిరి తీసుకోకుండా చెప్పేసింది. లెమ్యూల్ కాగితం చదివాడు. తీరిగ్గా చదివాడు.

“నాకప్పుడే తెలుసు మిస్ ఆర్నెటా.”

“ఏం తెలుసు?”

“ఆయన నన్నే అడిగాడు. ‘బట్టల గదిలో పడి నిద్రపోతావటగా’ అని. ఇంకెవరు చెప్తారు మీరు తప్ప?”

“తెలిసి ఇరవై రెండేళ్లు నోరు మూసుకున్నావా? ఒక్క మాటంటే నీ సొమ్మేం పోయేదిరా?”

“అంటే మీరు బాధపడి తలుపు వేసేస్తారేమోనని భయమేసింది. మే దాకా క్లాసులున్నాయి. నాకు పడుకోడానికి ఇంకో చోటు లేదు. ఆ తర్వాత ఇంక ఎందుకులే అనిపించింది.”

ఆర్నెటాకి కళ్లనీళ్లు తిరిగాయి. తుడుచుకోలేదు. “మరి రాత్రి పని చేస్తున్నానని ఆయనకి చెప్పలేదా నువ్వు?”

“చెప్పాను,” అన్నాడు లెమ్యూల్. “రాసుకోలేదు.”

ఆమె వాడి చేతిలోంచి కాగితం లాక్కుంది. కళ్లద్దాలు పెట్టుకుంది. మెట్ల మీద ఉన్నవాళ్లందరికీ, కార్లెక్కబోతున్నవాళ్లకి కూడా వినపడేలా పైకి చదివింది. వెనకనున్న పెద్దాయన ఒకాయన చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, ఏమిటమ్మా అన్నాడు. ఆయన కోసం మళ్లీ మొదట్నుంచీ చదివింది.