తాండూరు గనుల దగ్గర రెండో ఫిలిం

ఉదయం ఏడున్నరకు తాండూరు చేరాం. వికారాబాదు నుంచి వచ్చిన ఎక్స్‌రే వ్యాను. నాపరాతి గని పక్కన వేపచెట్టు కింద ఆపాం. వైశాఖం. గాలి లేదు. నీళ్లు రెండు పీపాలు, ఫిలిములు నలభై, జనరేటరు ఒకటి. మేం ముగ్గురం: డాక్టరు, డ్రైవరు, ఎక్స్‌రేలు తీసే నేను. డాక్టరు మిలిటరీలో పనిచేసి వచ్చిన మనిషి. ఆజ్ఞలూ అలాగే ఉండేవి. మధ్యాహ్నం రెండింటికల్లా నలభై మంది.

కిరణాలు సోకకుండా కట్టుకునే సీసపు ఏప్రాను బరువుకు భుజాలు మండేవి. జనరేటరు చూసే డ్రైవరు, "దీంట్ల నా బీడీల పొగ గూడ కనవడ్తదా బిడ్డా?" అని అడిగాడు. ముందు కనపడేది అదేనన్నాను. ఆ పూట బీడీ ముట్టలేదు.

పదకొండింటికి రాళ్లు మోసే ఒక తల్లి వచ్చింది. ఆర్నెల్ల పాపను బయట అత్తకిచ్చి, ఫిలిం పలకకు ఛాతీ ఆనించి నిలబడింది. డ్రైవరు ఎదుట తల మీది కొంగు తీయనంది. వరుస పొడుగ్గా ఉంది. సరేనన్నాను.

తడి ఫిలిం చూసి డాక్టరు, కుడి ఊపిరితిత్తి పైన మచ్చ ఉందన్నారు. క్షయ కావచ్చు. రేపే వికారాబాదు ఆస్పత్రిలో చేర్పించాలి, పాపను దూరంగా ఉంచాలి. అది విని అత్త పాపతో పదడుగులు వెనక్కి జరిగింది.

"నా పాలు తప్ప ఏం ముట్టది డాక్టరమ్మా. ఎట్ల బతుకుతది?" అంది ఆ తల్లి నాతో.

ఫిలిం మళ్లీ వెలుతురుకు పెట్టాను. మచ్చ ఊపిరితిత్తి దాటి మెడ మీదికీ పోయింది. మూడు పాయలుగా అల్లినట్టుంది. అది మచ్చ కాదు, కొంగు కింద నూనె పెట్టి బిగించిన జడ నీడ. నేను పైకెత్తి కట్టించలేదు.

తప్పు నాదని డాక్టరుతో చెప్పాను. ఆయన గడియారం చూశారు. "ఇంకొక్క ఫిలిం. అంతే."

డ్రైవరును జనరేటరు అవతలికి పంపాను. కొంగు తీయించి, జడను నడినెత్తిన ముడేశాను. ఊపిరి బిగపట్టమన్నాను. నేనూ బిగపట్టాను. తర్వాత ఫిలిం మందునీళ్లలో ఐదు నిమిషాలు.

ఊపిరితిత్తి పైదాకా శుభ్రంగా ఉంది. డాక్టరు రిజిస్టరులో రాసింది కొట్టేశారు. ఆ రోజు ముప్పైతొమ్మిది మందే అయ్యారు. ఆ అంకె కింద ఆయనే సంతకం పెట్టారు. నేను చేసిన ఉద్యోగం ఏమిటని ఎవరడిగినా ఆ రెండో ఫిలిం గురించే చెప్తాను.

సాయంత్రం ఆరింటికి వికారాబాదు తిరిగొచ్చాం.

ఇప్పుడు నా పాప దగ్గితే ఉలిక్కిపడి లేస్తాను. వీపుకు చెవి ఆనించి వింటాను. అప్పుడల్లా ఆ తల్లే కనిపిస్తుంది. నేను వేసిన ముడి నెత్తిన అలాగే ఉంది. కొంగు సంగతి మరిచి, అందరి ఎదుటా రెండు చేతులూ చాచి నిలబడింది. అత్త పాపతో ఆ పదడుగులూ తిరిగి ముందుకు నడిచి వస్తోంది.