వాపసొచ్చిన గంధం మోంబత్తీలు

ఎనభై ఎనిమిదిల మా ఎదురింటి అనసూర్య మోంబత్తీలు చేసుడు మొదలుపెట్టింది. శ్రీరాంపూర్ కంపెనీ క్వార్టర్లల ఆమెది మాది ఒకటే లైను. ఆమె పెనిమిటి ఎల్లేశం కంపెనీ క్యాంటీన్ల పూరీలు గోలిస్తడు. ఆయనకు పూరీ వాసన తప్ప లోకంల ఇంకో వాసన ఎరుక లేదు. మా ఇంటాయన, మా లైన్ల మిగతా మగోళ్లు మాత్రం బాయిల దిగి బొగ్గు తీసేటోళ్లు.

ఆడోళ్ల క్లబ్బు నడిపే తారాబాయి మేడం, ఇంజనీరు సారు భార్య, ఒకనాడు అనసూర్యను పిలిచింది. క్లబ్బు దుకాణంల ఒక అలమార ఖాళీగున్నదట. నెలరోజులు ఇంటి కాడనే అమ్మి చూసి, ఏది బాగ పోతదో ఒక్కటే ఒక్కటి చెప్తే అలమార ఆమెకే ఇస్తదట, మీద పేరు గూడ రాయిస్తదట. పెండ్లయి పన్నెండేండ్లాయె, ఎవ్వలు పిలిచినా క్యాంటీన్ ఎల్లేశం పెండ్లామే గని అనసూర్య అన్నోళ్లు లేరు. అలమార మీద తన పేరు అన్న కాడికెల్లి ఆమెకు అన్నం సయిస్తలేదు.

మొదలు తెల్లయి చేసింది. బొప్పాయి కాడలు కోసి, నడుమ దారం గుంజి, మైనం కరగబెట్టి పోసేది. ఎవ్వలు కొంటరు? మా క్వార్టర్లల కంపెనీ కరెంటు రాత్రి పగలు ఉంటది. తర్వాత ఇడ్లీ పళ్లెంల పోసి గులాబీ పువ్వులు చేసింది. అవి నలుగురు కొన్నరు గని ముట్టియ్యలే, టీవీ మీద పెట్టుకున్నరు. ముట్టిస్తే గదా అయిపోయేది, అయిపోతే గదా మల్ల కొనేది. మల్లె వాసనయి చేస్తే నాలుగు రోజులకే వాసన ఎగిరిపోయింది. ఏది చెయ్యాలె సారక్కా అని నన్ను అడిగేది. నాకేం తెలుసు, నేనేమన్న మోంబత్తీల షావుకారునా?

ఆఖరికి మంచిర్యాల పోయి అత్తర్ల సాయబు దగ్గర గంధం నూనె తెచ్చి మైనంల కలిపింది. చేతిల పట్టుకుంటే పెండ్లింటి వాసన. రెండు రోజులల్ల మూడు లైన్ల ఆడోళ్లు ఎగవడి కొన్నరు. అనసూర్య మురిసిపోయి గంపెడు చేసింది, మేడంకు గివే చెప్తనన్నది. మూడో రోజు పొద్దుగాల ఒకామె సగం కాలిన మోంబత్తి తెచ్చి వాపసిచ్చింది. మధ్యాహ్నానికి ఇంకో నలుగురు. ఎందుకే అంటే ఒకామె పిల్లలు దగ్గుతున్నరన్నది, ఒకామె మా ఆయనకు నచ్చలే అన్నది, ఇంకొకామె అదీ చెప్పకుంట పోయింది. అనసూర్యకు ఏం సమఝ్ కాలే. ఒత్తి బాగలేదా, మైనం నకిలీదా, ఎవ్వలదన్న దిష్టి తగిలిందా అని పరేషానైంది. కండ్లు మండుతున్నయి వీళ్లకు అనుకోని నేను నల్లా కాడికి పోయి అందరిని కడిగి పెట్టిన. ఒక్కొక్కతి తలకాయ వంచుకోని బిందె ఎత్తుకోని పోయింది. గది నాకు ఇంకా ఇచిత్రమనిపించింది.

ఆ మాపు మా ఇంట్ల నేనే ఒకటి ముట్టించిన. మా ఇంటాయన అన్నం కాడ కూసున్నడు. కొంచెం సేపటికి ముక్కు ఎగవీల్చిండు. ఎంగిలి చెయ్యితోనే లేసి మోంబత్తి ఆర్పి మోరీల ఇసిరేసిండు. తలుపులు రెండు తెరిచి వాకిట్ల పోయి నిలవడ్డడు. నాకు మండింది. గంతగనం కమ్మగున్న దాన్ని మోరీల పారేస్తవా అని తిట్టిన.  బాయి ముచ్చట ఇంట్ల తియ్యొద్దని మా మగోళ్లకు ఒక పట్టుదల. చెప్పేదాక అన్నం పెట్టనని నేను గిన్నె మూసి దాని ముంగట కూసున్న.

"లోపల బొగ్గు తనంతట తనే అంటుకునే ముందు గిట్లనే కమ్మటి నూనె వాసనొస్తదే," అన్నడు లోపలికొచ్చి. "గది ముక్కుకు తాకితే పని ఇడిచిపెట్టి ఉరుకుడే. ఇంట్ల కూసున్నంక తాకితే యాడికి ఉరుకాలె?"

నేను గిన్నె మూత తీసిన. ఇరవై ఏండ్ల కాపురంల గా మాట ఆయన నాకు చెప్పలే. కోపమొచ్చిందో ఏడుపొచ్చిందో నాకే తెల్వలే.

తెల్లారి పోయి అనసూర్యకు చెప్పిన. ఆమె గంప ముంగట కూలవడి ఏడ్సింది. గంధంతో ఇంత భయం పెట్టిన్నా అక్కా అన్నది.  మిగిలినయన్ని కరగబెట్టాల్నా, బొంద తీసి పాతిపెట్టాల్నా అని ఇద్దరం ఎటూ తేల్చుకోలేకపోయినం.

గప్పుడే నర్మద వచ్చింది. ఆఫీసుల ఊడుస్తది. ఆమె పెనిమిటి గంగయ్య ఎక్కడ్నో దూరం బాయిల మంటలంటుకోని సచ్చిపోయి మూడేండ్లాయె. గంపల ఉన్నయన్ని ఇయ్యమన్నది. పాపం తెల్వక అడుగుతున్నదని అనసూర్య సంగతంత చెప్పి గంప పక్కకు జరిపింది.

"తెలిసే వచ్చిన అక్కా. మా ఇంట్ల ఉరికేటోడు లేడు," అన్నది నర్మద. "గా రోజు ఆయన ఏం వాసన చూసిండో నాకు ఒక్కలు గూడ చెప్పలే. ఇటియ్యి, నేను చూస్త."

వద్దంటున్నా పైసలు అనసూర్య చేతిల పెట్టి, మోంబత్తీలు కొంగుల మూటగట్టుకోని పోయింది. ఆ మాపు ఆమె ఇంటికెల్లి వాసన లైనంత కొట్టింది. మగోళ్లందరు ఒక్కొక్కలు వాకిండ్లల్లకు వచ్చి నిలవడ్డరు. ఆర్పమని ఒక్కడు అనలే.

మేడం పెట్టిన నెల నిండినంక సోమవారం నేను, అనసూర్య క్లబ్బుకు పోయినం. ఏది బాగ పోయిందని మేడం అడిగింది.

"గంధంవే మేడం, ఒక్కటి మిగలలే," అన్నది అనసూర్య. "ఇగ గవి నేను చెయ్య."

మేడం పరేషానై మా దిక్కు చూసింది. అమ్ముడువోయేది ఎందుకు చెయ్యవమ్మా అని మల్ల మల్ల అడిగింది. ఏం చెప్పాలె, యాడికెల్లి మొదలుపెట్టాలె? మేమిద్దరం మేడంకు దండం పెట్టి బయటికొచ్చినం. అలమార ఊరగాయలు పెట్టేటామెకు ఇచ్చిండ్రు.