సుడి సాక్ష్యం చెల్లలేదు

ఆ వీధిలో సెలూన్ పెద్దాయన ఎవరని అడిగితే చిన్నపిల్లలు కూడా వేలెత్తి చూపిస్తారు. చూపించాల్సిన మనిషే. పల్లెబడిలో అయిదో తరగతి దాకా చదివి, మేనమామ చేతికింద కత్తెర పట్టి, తనకు మీసం రాకముందే ఊళ్ళోవాళ్ళ మీసాలు దిద్దిన ఘనుడు. ఊగే పడవలో కూర్చోబెట్టి పెళ్ళికొడుక్కి గడ్డం గీస్తే ఒక్క గాటు పడలేదు. తర్వాతి కాలంలో పెద్ద అధికారి అయినాయన, మొదటిరోజు ఉద్యోగానికి వెళ్ళేముందు తల వంచింది ఈయన చేతికిందే. గోడ తగాదాతో ఏళ్ళ తరబడి మాటల్లేని అన్నదమ్ములిద్దర్నీ పక్కపక్క కుర్చీల్లో కూర్చోబెట్టి, ఇద్దరి మొహాలకూ సబ్బునురగ దట్టంగా పట్టించి, నోరు తెరవలేని స్థితిలో రాజీ కుదిర్చిన పెద్దమనిషి. పట్టణంలో సెలూన్ పెట్టిన ప్రతివాడూ ఒకప్పుడు ఈయన షాపులో నేల ఊడ్చినవాడే. ఇవన్నీ ఇంకొకళ్ళు చెప్పక్కర్లేదు, కుర్చీలో కూర్చుంటే ఆయనే చెబుతాడు. మెడకు తెల్లగుడ్డ కట్టాక లేచిపోవడానికి ఎవరికీ వీలుండదు కదా!

ఇన్ని ఘనతల్లోకీ ఆయన గొంతు పెంచి చెప్పుకునేది ఒకటుంది. కోర్టు గుమ్మం తొక్కలేదు, నల్లకోటు మొహం చూడలేదు. తనవాళ్ళ తగాదాలైనా, పరాయివాళ్ళ తగాదాలైనా కుర్చీ దగ్గరే తేల్చేశాడు.

అలాంటి మనిషి ఒక సోమవారం, షాపుకు సెలవురోజు, ఇస్త్రీ చొక్కా వేసుకుని, మనవణ్ణి చంకనెత్తుకుని, కూతుర్ని వెంటబెట్టుకుని లాయరు ఆఫీసు మెట్లెక్కాడు.

కూతురు బట్టల ఫ్యాక్టరీలో గుండీలు కుట్టే సెక్షన్‌లో పనిచేసేది. అల్లుడు ఫ్రిజ్‌లు బాగుచేసే మెకానిక్. పెళ్ళయిన ఏడాదికి అల్లుణ్ణి కంపెనీ వాళ్ళు దూరపు బ్రాంచికి వేశారు. మధ్యలో సెలవు మీద వచ్చి కొన్నాళ్ళుండి వెళ్ళాడు. ఆ తర్వాత కూతురికి నెలలు నిండకముందే కాన్పయింది. తొందరపడి పుట్టినా బిడ్డ మాత్రం నిండుగా, నల్లటి ఒత్తు జుట్టుతో పుట్టాడు. ఆ జుట్టు చూసి తాతయ్య మురిసిపోయాడు. అదే జుట్టు చూసి కూతురి అత్తగారు, కొడుకు సెలవుకొచ్చిన నాటినుంచి వేళ్ళు మడిచి లెక్కలు మొదలుపెట్టింది. ఆవిడ లెక్క ఫోన్లో అల్లుడి చెవిన పడింది. అల్లుడు ఆస్పత్రికి రాలేదు, జననాల రిజిస్టర్లో తండ్రి పేరు దగ్గర సంతకం పెట్టలేదు. "ఆ బిడ్డ నా బిడ్డ కాదు" అని కబురు మాత్రం పంపించాడు. కూతురు బిడ్డతో పుట్టింటికి వచ్చేసింది. పిల్లవాడు ఇప్పుడు గోడ పట్టుకుని నడుస్తున్నాడు. వీధిలో ఆడవాళ్ళు వాణ్ణి ఎత్తుకున్నప్పుడు మొహంకేసి ఒక క్షణం ఎక్కువగా చూడటం తల్లి గమనిస్తూనే ఉంది.

లాయరమ్మ నడివయసు మనిషి. బల్ల మీద ఫైళ్ళు, గోడకు ఆగిపోయిన గడియారం, మూల కుర్చీలో గుమాస్తా. పెద్దాయన కూర్చున్నాడో లేదో మొదలుపెట్టాడు. పడవ, పెళ్ళికొడుకు, అధికారి, అన్నదమ్ములు, అన్నీ వరసగా వచ్చాయి. లాయరమ్మ అడ్డం రాలేదు. మొత్తం విని, "సంతోషం పెద్దాయనా. ఇప్పుడు కేసు చెప్పండి" అంది.

"కేసు నేనే గెలిపించేసి తెచ్చానమ్మా, మీరు జడ్జిగారి ముందు పెట్టడమే తరువాయి." పెద్దాయన చేతిసంచిలోంచి రెండు ప్లాస్టిక్ కవర్లు తీసి బల్ల మీద గర్వంగా పరిచాడు. రెండింట్లోనూ కత్తిరించిన జుట్టు. "ఇది మావాడి పుట్టుజుట్టు. ఇది వాళ్ళ నాన్నది. జుట్టుతో టెస్టు చేస్తారట కదా, పేపర్లో చదివాను."

"ఆయనది మీకెలా వచ్చింది?"

"బస్టాండు వీధిలో సెలూన్ ఉంది చూశారా, వాడు నా శిష్యుడు. మా అల్లుడు మొన్న సెలవుకొచ్చినప్పుడు వాడి దగ్గరే కటింగ్ చేయించుకున్నాడు. వాడు ఊడ్చి దాచిపెట్టాడు. గురుభక్తి!"

కూతురు తల దించుకుంది. "నాన్నా, ఇది నాకెందుకు చెప్పలేదు?" అని గొణిగింది.

"నీకు చెబితే వద్దంటావని."

లాయరమ్మ కవర్లను ముట్టుకోలేదు. పెన్సిలు కొసతో మెల్లగా ఆయనవైపు తోసింది. "కత్తెరతో కోసిన జుట్టుకు కుదుళ్ళుండవు పెద్దాయనా. దాంతో మనకు కావలసిన టెస్టు అవ్వదు. పైగా మనిషికి తెలియకుండా ఊడ్చుకొచ్చింది కోర్టులో పెడితే మనల్నే తప్పుపడతారు. టెస్టంటే కోర్టు చెప్పాలి, ఆస్పత్రిలో అందరి ఎదుటా రక్తం ఇవ్వాలి."

పెద్దాయన కాస్త తగ్గాడు కానీ పూర్తిగా తగ్గలేదు. మనవడి తల లాయరమ్మవైపు తిప్పి, నెత్తి మీద జుట్టు రెండు వేళ్ళతో విడదీశాడు. "సరే, కవర్లు పోనీండి. ఈ సుడి చూడండి. నడినెత్తిన లేదు, ఎడమ చెవివైపు జరిగి ఉంది. మా అల్లుడికీ అచ్చం ఇక్కడే. పెళ్ళికి ముందు వాడి తల నేనే కత్తిరించాను. నేను కోర్టుకొచ్చి బోను ఎక్కి చెబుతాను. ఈ పట్టణంలో తలల సంగతి నాకంటే తెలిసినవాడెవడు?"

"మీరు చాలా తలలు చూసుంటారు" అంది లాయరమ్మ.

"లెక్క పెట్టలేం!"

"మరి ఈ సుడి ఇలా ఎడమవైపు ఉన్నవాళ్ళు మీకింకా తగిలారా?"

"ఓ! పోస్టుమాస్టరుకుంది, పాలవాడికుంది, మందుల షాపు ఆయనకుంది, ఆయన తమ్ముడికీ ఉంది. ఇంకా..." పెద్దాయన ఉత్సాహంగా వేళ్ళు మడుస్తున్నాడు.

"అయితే వీళ్ళందరూ మీ మనవడికి తండ్రులేనా?"

వేలు మడిచింది మడిచినట్టే ఉండిపోయింది. మూలన గుమాస్తా ఫైలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. ఫైలు మాత్రం కదులుతోంది.

"కోపం తెచ్చుకోకండి. అవతలి లాయరు మిమ్మల్ని అడిగే మొదటి ప్రశ్న ఇదే. నేను అడిగాను కాబట్టి ఈ గదిలోనే పోయింది. ఇంకో మాట వినండి. పెళ్ళయి కాపురం సాగుతుండగా పుట్టిన బిడ్డ ఆ భర్త బిడ్డేనని చట్టం ముందే అనుకుంటుంది. కాదని నిరూపించుకోవాల్సింది వాళ్ళు."

"నిరూపించాల్సింది వాళ్ళా? మరి నేనెందుకమ్మా ఈ జుట్టంతా మోసుకొచ్చింది!"

"అదే నేనూ అనుకుంటున్నాను. మీరు బాబును తీసుకుని కాసేపు బయట కూర్చోండి. మీ అమ్మాయితో మాట్లాడాలి."

బయటికి పొమ్మన్న మాట పెద్దాయన ఇంతకుముందు ఎవరి నోటా వినలేదు. వరండాలో బెంచీ మీద కూర్చుని మనవణ్ణి మోకాళ్ళ మీద ఊపాడు. తలుపు వెనక లాయరమ్మ గొంతు తక్కువగా, కూతురి గొంతు ఎక్కువగా వినిపిస్తోంది. తన కూతురికి అంత గొంతుందా? ఇంట్లో ఎప్పుడూ వినలేదే? వినడానికి తాను నోరు మూసుకుంటే కదా అని ఆయనకే తోచింది. ఆ ఆలోచనను తప్పించుకోవడానికి, నీళ్ళ కోసం బయటికొచ్చిన గుమాస్తాను పట్టుకుని, "కుడి చెంప దగ్గర జుట్టు కిందికి దిగింది బాబూ, ఎవడు కత్తిరించాడు నీకు?" అన్నాడు.

"మీ శిష్యుడే అయ్యుంటాడు" అని గుమాస్తా లోపలికి పోయాడు.

తిరిగి నడిచివస్తుంటే పెద్దాయన అడిగాడు. "ఏమడిగింది?"

"నీకేం కావాలి అని అడిగింది నాన్నా. ఇన్నాళ్ళలో ఆ మాట ఎవరూ అడగలేదు."

"ఏం చెప్పావు?"

"ఆయన వచ్చి నా ముందు నిలబడి బతిమాలక్కర్లేదు. నీ చేత తిట్లు తినక్కర్లేదు. వీడు పెద్దయ్యాక వీడి నాన్నెవరని ఒక్కరు కూడా నవ్వుతూ అడగకూడదు. ఆ మాట కోర్టులో, కాగితం మీద ఉండాలి. ఇంట్లో అనుకున్న మాట ఇంకోరోజు ఇంట్లోనే మారిపోతుంది. టెస్టుకు రక్తం ఇస్తానన్నాను, నాకేం భయం?"

పెద్దాయన మలుపు దగ్గర చెత్తకుండీ రాగానే సంచిలోంచి కవర్లు తీశాడు. ఒకటి కుండీలో వేశాడు. మనవడిది మాత్రం జేబులో పెట్టుకున్నాడు.

అల్లుడికి నోటీసు వెళ్ళింది. వాయిదాలు నడిచాయి. అవతలివాళ్ళే టెస్టు కావాలన్నారు. కోర్టు సరేనంది. తల్లి, తండ్రి, బిడ్డ ఆస్పత్రిలో ఒకే బెంచీ మీద, మధ్యలో ఒక మనిషి పట్టేంత ఖాళీ వదిలి కూర్చుని రక్తమిచ్చారు. పెద్దాయన ఆ రోజు షాపులోనే ఉన్నాడు. రావద్దని కూతురే చెప్పింది.

ఆ తర్వాత ఒక మధ్యాహ్నం, షాపులో ఎవరూ లేని సమయంలో, వియ్యంకుడు గుమ్మం ముందు చెప్పులు విడిచాడు. రిటైరయిన బస్సు కండక్టరు, నిలబడి మాట్లాడటం అలవాటు. అయినా ఆ రోజు అడక్కుండానే కుర్చీలో కూర్చున్నాడు. గొడవైనప్పట్నుంచీ ఇటు రాలేదు, జుట్టు కాలరు దాటింది. పెద్దాయన చేతులు వాటంతటవే గుడ్డ దులిపి మెడకు కట్టాయి, కత్తెర అందుకున్నాయి.

సగం తల అయింది. అప్పుడు అద్దంలోంచి వియ్యంకుడు అన్నాడు. "టెస్టు కాగితం వచ్చింది బావగారూ. మా లాయరు చెప్పాడు. వాడు మావాడే."

ఇన్నాళ్ళూ ఈ మాట కోసమే పెద్దాయన కొన్ని సమాధానాలు నూరి పెట్టుకున్నాడు. అవన్నీ మింగేసి, "ఊఁ" అన్నాడు.

"మావాడిది తప్పే. మా ఇంటిదానిదీ తప్పే. పిల్లవాణ్ణీ కోడల్నీ పిలుచుకుపోతాం. కోర్టులో నలుగురిలో నిలబడి చెప్పాలంటే వాడు సిగ్గుతో చచ్చిపోతున్నాడు. కేసు వెనక్కి తీసుకోండి. మీరు తేల్చలేని తగాదానా బావగారూ? ఇదే కుర్చీలో ఎంతమందిని కలపలేదు మీరు!"

తియ్యటి మాట. పెద్దాయనకు అంతకంటే తియ్యటి మాట లోకంలో లేదు. అవునని తల ఊపితే చాలు, ఆయన ఘనతల్లో ఇంకొకటి చేరుతుంది. రేపటినుంచి కూర్చున్న ప్రతివాడికీ చెప్పుకోవచ్చు.

ఆయన కత్తెర కింద పెట్టేశాడు.

"బావగారూ, ఆ మాట నాతో కాదు. ఉండండి, పిలుస్తాను."

పని మొదలుపెట్టాక సగం తలతో మనిషిని వదిలి వెళ్ళడం ఆయన బతుకులో అదే మొదలు. వెనకవైపు ఇంట్లోకి వెళ్ళి కూతుర్ని తీసుకొచ్చాడు. తాను గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. ఒకవైపు పొట్టిగా, ఒకవైపు పొడుగ్గా జుట్టుతో, మెడ దాకా తెల్లగుడ్డలో ఉన్న మామగారు చెప్పిందంతా కోడలు విన్నది.

"సిగ్గయినా వచ్చి చెప్పమనండి మామయ్యా. కాదన్నమాట ఊరంతా వినేలా అన్నారు. అవునన్నమాట కోర్టులో అనమనండి. కాపురం సంగతి తర్వాత. అది మేమిద్దరం మాట్లాడుకుంటాం."

వియ్యంకుడు అద్దంలో పెద్దాయనకేసి చూశాడు, ఏదైనా అంటాడేమోనని. పెద్దాయన కత్తెర తీసుకుని, "తల కొంచెం కిందికి" అన్నాడు. మిగతా సగం కూడా శ్రద్ధగా పూర్తిచేశాడు. సగం తలతో ఆయన షాపులోంచి ఇప్పటిదాకా ఎవరూ బయటికి వెళ్ళలేదు.

తర్వాతి వాయిదాకు అల్లుడు వచ్చాడు. జడ్జిగారి ముందు చేతులు కట్టుకుని, "నా కొడుకే" అన్నాడు. వినపడలేదంటే గట్టిగా మళ్ళీ అన్నాడు. గుమాస్తా రాసుకున్నాడు, కోర్టు రాసుకుంది. వెనక బెంచీలో పెద్దాయన మనవణ్ణి గుండెకు ఆనించుకుని, వాడి ఎడమ సుడి మీద గడ్డం పెట్టుకుని, ఒక్క మాట మాట్లాడకుండా కూర్చున్నాడు. కూతురు వెనక్కి తిరిగి నాన్నకేసి చూసి నవ్వింది.

ఇప్పటికీ ఆయన కుర్చీలో కూర్చుంటే పడవ, పెళ్ళికొడుకు, అధికారి, అన్నదమ్ములు, అంతా వినాల్సిందే. కోర్టు గుమ్మం తొక్కలేదన్న ముక్క ఒక్కటే జారిపోయింది. దాని చోట, "మా అమ్మాయి లాయరుతో మాట్లాడుతుంటే వినాలి మీరు" అనే ముక్క వచ్చి చేరింది. ఈమధ్య ఒకాయన తన పసివాణ్ణి కూర్చోబెట్టి, "పెద్దాయనా, సుడి చూసి చెప్పు, వీడిది ఎవరి పోలిక?" అన్నాడు సరదాగా.

పెద్దాయన దువ్వెన తడిపి, పిల్లవాడి తల మీద ఒకసారి తిప్పి చూశాడు.

"సుడి చూస్తే జుట్టు ఎటు దువ్వాలో తెలుస్తుంది బాబూ. నేను చెప్పగలిగింది అంతే."