ఒక్కతే వెళ్లిన సాక్షి: మన రాహేలమ్మ గారు

మంటిని మనిషిగా చేసి, ఆ మంటిలో తన ఊపిరి పోసి, పోసిన ఊపిరిని తన వేళకు తిరిగి తీసుకొనే దేవాధిదేవునికి స్తోత్రం కలుగును గాక. ఆయన ఇచ్చిన నాడు మనం కృతజ్ఞత చెప్పామో లేదో గాని, తీసుకొన్న నాడు మాత్రం ఏడుస్తున్నాం. ఈ ఏడ్పును కూడా ఆయన స్తుతిగా అంగీకరించును గాక.

మన ఖరగ్‌పూర్ తెలుగు సంఘానికి తల్లివంటి రాహేలమ్మ గారు గత శుక్రవారం ఉదయం, ట్రాఫిక్ అనే రైల్వే కాలనీలో తమ కుమారుని క్వార్టర్‌లో ప్రభువునందు నిద్రించారు. కబురు వచ్చేసరికి నేను ఎసరు పెట్టి, దేవుని పేర పిడికెడు బియ్యం తీస్తున్నాను. ఆ చెయ్యి అలాగే ఆగిపోయింది. మొన్న ఆదివారమే కదా నా పక్కన కూర్చొని, రాగం తప్పిన ఆ పెద్ద గొంతుతో కీర్తన పాడారు!

ఆమె రైల్వే కార్ఖానాలో, బాయిలర్ షాపులో పనిచేసి గతించినవారి భార్య. అక్షరం రాదు, కాని ఒకసారి విన్న వాక్యం మరచేవారు కారు. నోటికి మాత్రం సంఘపెద్దలే జంకేవారు. ఒకనాడు బజారులో చేపలవాడితో, "దాదా, ఈ చేప మీ తాత ఈడుది. కొంటానేటి, దండం పెడతాను గానీ" అన్నారు. వాడు నవ్వలేక నవ్వి, అడుగునుంచి మంచి చేప తీసి ఇచ్చాడు.

నా భర్త దేవదానం సంగతి పెద్దవారికి తెలుసు, చిన్నవారి కోసం చెబుతున్నాను. రక్షణ పొందకముందు ఆయన ఝపటాపూర్‌లో పేరుమోసిన కొట్లాటగాడు. రైల్వే ఉద్యోగం చేసుకొంటూనే, యూనిఫాం మీద మోజుతో, యుద్ధం వస్తే పిలిచే రైల్వే కార్మికుల టెరిటోరియల్ సేనలో చేరాడు. తరువాత ప్రభువు పట్టుకొన్నాడు. బాప్తిస్మం పొందిన ఉదయం, మన ఆచారం ప్రకారం సంఘమంతటి ఎదుట సాక్ష్యం చెబుతూ, "ఈ చేతులు మరి మనిషి మీద లెగవు. తుపాకీ ముట్టను" అన్నాడు. అందరూ ఆమేన్ అన్నారు. సేననుంచి విడిపించమని అర్జీ పెట్టుకొన్నాడు గాని, జవాబు రాకముందే పాకిస్తాన్‌తో యుద్ధం వచ్చింది. పట్టాలు వేస్తాను, గాయపడినవారిని మోస్తాను, రైఫిల్ మాత్రం పట్టను అన్నాడు. ఆజ్ఞ మీరాడని నిర్బంధించి, సైనిక న్యాయస్థానంలో విచారణ పెట్టారు.

చంటిబిడ్డతో నేను ఒంటరినయ్యాను. పలకరించడానికే మనుషులు జడిశారు. ఆ ఆదివారం ఆరాధన ముగిసి, ఇంటింటి పిడికెడు బియ్యంతో నిండిన గంపను సంఘ నిధికై వేలం వేయబోతుంటే, రాహేలమ్మ గారు దాన్ని ఎత్తి నెత్తిన పెట్టుకొన్నారు. ఆమెను అక్క వరుసన 'అప్పా' అని పిలిచే సంఘపెద్ద పౌలయ్య గారు అడ్డం వచ్చారు.

"అప్పా, అది దేవుడి బియ్యం. ఏలం ఎయ్యకండా ఎక్కడికి పట్టుకెల్తన్నావు?"

"దేవుడి బిడ్డ పస్తులుంది. అక్కడికే. ఏలంపాట పాడాలనుంటే దార్లో పాడుకో, నా ఎనకాలే రా!"

ఆయన రాలేదు. గంప మాత్రం మా ఇంటికి వచ్చింది. ఆమే పొయ్యి ముట్టించి, నేను తినేదాకా ఎదురుగా కూర్చొన్నారు.

నా భర్త పక్షాన మాట్లాడటానికి నియమించిన కెప్టెన్ దయగల బెంగాలీ. "యుద్ధానికి భయపడి ఈ మాట కల్పించాడని వారి వాదన. యుద్ధానికి ముందే అన్నాడని చెప్పేవారు కావాలి. భార్య మాట చాలదు. బయటివారు కనీసం ఇద్దరు రావాలి" అన్నాడు. ఇద్దరు ముగ్గురి నోట గాని మాట స్థిరపడదని లేఖనం ఎరిగిన మనకు, అది కొత్త సంగతా?

రాహేలమ్మ గారు పెద్దల కూటానికి వెళ్లారు. నేను గుమ్మంలో నిలబడ్డాను.

"ఒక్కడు సాలు, తమ్ముడూ. నానెల్తన్నాను. ఇంకొక్కడు."

పౌలయ్య గారు తల ఎత్తలేదు. "సూడప్పా, సరిహద్దులో పిల్లలు సచ్చిపోతన్నారు. ఇప్పుడు మనం ఇలాంటోడి ఎనక నిలబడితే, దేశద్రోహులంటారు. మన పిల్లలకి షాపులో పనిస్తారేటి?"

"అబద్ధం సెప్పమన్నానేటి? ఇన్నది ఇన్నామని సెప్పడమే కదా!"

పెద్దలు ఒకరొకరే లేచి వెళ్లిపోయారు. పౌలయ్య గారి భయంలో కూడా నిజం ఉందని నాకిప్పటికీ అనిపిస్తుంది. అందుకే కోపం నిలవదు, బాధ మాత్రం తీరదు.

కంటోన్మెంటుకు మేమిద్దరమే వెళ్లాం. దుబాసీ వద్దని, ఆమె మన ఖరగ్‌పూర్ హిందీలోనే చెప్పారు. ఆ మాట ఇంకెవరు విన్నారని అధికారి అడిగాడు. "సబ్ సునా, సాబ్. హమ్ అకేలా ఆయా." అందరూ విన్నారు, వచ్చింది తానొక్కతే అని. కాని ఒక్క మనిషి మాట చాలలేదు. ఆయనకు జైలుశిక్ష పడింది. రైల్వే ఉద్యోగం కూడా పోయింది.

తిరుగు రైలులో ఆమె అన్న మాట నన్ను ఇంకా నొప్పిస్తుంది. "తప్పు నాదేనే అమ్మా. నా నోరు దురుసు. నిమ్మలంగా అడిగుంటే పౌలయ్య వచ్చును." కాదమ్మా, కాదు అని ఎన్నిసార్లు అన్నా, చివరిదాకా ఆ భారం దించుకోలేదు. నా భర్త జైలునుంచి వచ్చి పాదాలకు మొక్కినప్పుడు కూడా, "సరిగ్గా సెప్పలేకపోయినాను బాబూ" అనే ఏడ్చారు.

శనివారం భూస్థాపన. పోయినవారిని గూర్చి సాక్ష్యం చెప్పమని పాస్టరు గారు పిలిచారు. ఇప్పుడు చేతికర్రతో నడిచే పౌలయ్య గారు, నెమ్మదిగా లేచి పెట్టె దగ్గరకు వెళ్లారు. ఆమె గుణాలేవీ చెప్పలేదు.

"అప్పా, ఆ దినం దేవదానం అన్న మాట... నానూ ఇన్నాను."

వెనుక వరుసలో ఇంకొకరు లేచి, "నానూ ఇన్నాను" అన్నారు. తరువాత ఇంకొకరు. స్త్రీల వైపునుంచి కూడా. నా భర్త ముఖం చేతుల్లో దాచుకొన్నాడు. రాయడానికి అక్కడ అధికారి లేడు. వినవలసిన తల్లి వినలేదు.

అటువంటి తల్లి మనకు మరి దొరకదు. చదువరులారా, నాతో కలిసి ప్రార్థించండి. ప్రభువా, మా నోళ్లు వేళకు తెరువు. పెట్టె మూయకముందే, విన్నది విన్నామని చెప్పే ధైర్యం మాకు దయచేయి. ఆమేన్.