ఆశీర్వాదం సారు జీపు కింద నేనన్న ఒక్క మాట

నేను చేసిన తెలివితక్కువ పనులన్నీ వరసగా నిలబెడితే నాంపల్లి స్టేషన్ దగ్గర మొదలైన క్యూ ఆబిడ్స్ చౌరస్తా దాటిపోతుంది. ఆ క్యూలో అందరికంటే ముందు, ఛాతీ విరుచుకుని నిలబడేది ఒక జీపు. ఒక్క మాటతో ఒక పెద్దమనిషినీ, ముక్కూ మొహం తెలియని పెళ్ళివారినీ, కాబోయే నా పెళ్ళినీ ఎలా రోడ్డున పడేశానో చెబుతాను. ముందే మంచినీళ్ళు తాగి కూర్చోండి, మధ్యలో పొలమారితే నా పూచీ లేదు.

అప్పట్లో నేను నాంపల్లిలో ఒక గ్యారేజీలో మెకానిక్‌ను. ఆరో తరగతిలో నాకూ బడికీ చెడింది. తప్పు బడిదే అని నేనంటాను, బడి ఇంతవరకూ ఖండించలేదు. మా మేనత్త నాకొక సంబంధం తెచ్చింది. పిల్ల పేరు విమల. తండ్రి ఆశీర్వాదం సారు, మెదక్ వైపు పల్లెల్లో క్రైస్తవ మిషన్ వాళ్ళ బడులను తనిఖీ చేసే మనిషి. నోరు విప్పితే ఇంగ్లీషే. వాళ్ళింట్లో కోడి కూడా తెల్లవారి గుడ్ మార్నింగ్ అనే కూస్తుందని మా అత్త చెప్పేది. అలాంటి ఇంటికి ఆరో తరగతి అల్లుడంటే పట్టుచీరకు గోనెసంచి అంచు కుట్టినట్టే.

కానీ సారుకొక బాధ ఉంది. మిలిటరీ వేలంలో పాత జీపు కొన్నాడు. పల్లె బాటల్లో దాని పొట్ట రాళ్ళకు తగులుతోందని, ఒక కమ్మరిని పట్టుకుని, ఇరుసు మీది స్ప్రింగు కట్టల్లో అదనంగా ఇనుప పట్టీలు వేయించి, పెద్ద టైర్లు తొడిగించి దాన్ని ఒంటెను చేశాడు. ఎక్కడానికి బండిలో ఒక చెక్కపీట కూడా పెట్టుకుని తిరిగేవాడు. అంత ఎత్తు పెరిగాక ఎవరికైనా తల తిరుగుతుంది. జీపుకూ తిరిగింది.

సారు గ్యారేజీకొచ్చి పీట వేసుకుని దిగాడు.

"వందనాలు సార్" అన్నాను.

"వందనాలు. చూడు దాసూ, నీకు ఎడ్యుకేషన్ లేదు, సరే. వర్క్ అన్న ఉండాలె గదా. ఇరవై మైళ్ళ స్పీడు దాటితే బండి ముంగట ఊగుతున్నది. స్టీరింగ్ నా చేతుల్ల కోడిపిల్ల లెక్క కొట్టుకుంటది. గది బంద్ చేసినవనుకో, మీ అత్తతోని పెండ్లి మాట మాట్లాడ్త. చెయ్యకపోతివా, నమస్తే."

"జర గూడ ఫికర్ చేయకుండ్రి సార్. పొద్దూకే వరకు బండి పెండ్లిపిల్ల లెక్క నడుస్తది."

ఆ రోజు నాకు పని నేర్పిన పెద్ద మెకానిక్, మా ఉస్తాద్, ఊళ్ళో లేడు. ఉంటే నా నోరు అంత పొడుగు ఉండేది కాదు.

ముందు టైర్లన్నాను. ఆడలేక మద్దెల ఓడన్నట్టు బాగుచేయలేనివాడు మొదట తిట్టేది టైరునే. ముందువి వెనక్కీ, వెనకవి ముందుకీ మార్చాను. గాలి కొట్టాను, తీశాను, మళ్ళీ కొట్టాను. కనబడ్డ నట్టునల్లా బిగించాను. తర్వాత సారును పక్కన కూర్చోబెట్టుకుని ఆబిడ్స్ దాకా ట్రయల్‌కు తీసుకెళ్ళాను. చౌరస్తా దగ్గర స్పీడు పెరిగింది. అంతే, బండికి పూనకం వచ్చింది. రిక్షావాళ్ళు మాకు దారి ఇచ్చారనడం తప్పు, ప్రాణాలు కాపాడుకున్నారు.

"ఇప్పుడెట్లుంది సార్" అన్నాను పళ్ళు టకటకలాడుతుంటే.

"నా కండ్లద్దాలు ఏడున్నయ్?"

"మీ ఒళ్ళెనే పడ్డయ్ సార్."

"నా టోపీ?"

"అది వెనకనే దిగిపోయింది సార్."

ఎలాగో గ్యారేజీకి చేరాం. బ్యాటరీ నీరసంగా ఉంది, ఆపితే మళ్ళీ తోయాలని ఇంజను ఆపలేదు. సారును డ్రైవరు సీట్లో కూర్చోబెట్టి, "స్టీరింగ్ కుడికీ ఎడమకూ తిప్పుకుంట ఉండుండ్రి సార్, నేను కిందికెల్లి చూస్త" అని దూరాను. దూరడమేమిటి, దర్జాగా వెల్లకిలా పడుకున్నాను. ఆ జీపు కింద ఒక చిన్న సంసారం కిరాయికుండవచ్చు.

అప్పుడు, నమ్మండి నమ్మకపోండి, అసలు జబ్బు నాకు దొరికింది. జాయింట్లన్నీ గట్టిగానే ఉన్నాయి. కమ్మరి వేసిన పట్టీలు సరిగా కుదరక ఇరుసే ముందుకు వాలిపోయింది, తాగి మిద్దె అంచున నిలబడ్డవాడిలా. ఇక చక్రాలు తిన్నగా ఎలా నడుస్తాయి? ఆ పట్టీల కట్టను మేము గ్యారేజీలో కమాన్ అంటాం. సంతోషం పట్టలేక ఆ పేరే పెట్టి అరిచాను.

"కమాన్ సార్, కమాన్."

ఇంజను చప్పుడులో సారు వంగి, "నౌ?" అన్నాడు.

నాకది "ఔ?" అని వినబడింది, నిజమా అని అడుగుతున్నాడనుకున్నాను. "ఔ సార్, ఔ" అన్నాను.

గేరు పడిన చప్పుడైంది. మరుక్షణం నా పైన జీపుకు బదులు ఆకాశం ఉంది. బండి నా మీదుగా, బ్రిడ్జి మీద రైలులా, చొక్కా గుండీకి కూడా తగలకుండా వెళ్ళిపోయింది. మామూలు ఎత్తు జీపయితే ఈ కథ మీకు మా అత్త ఏడుస్తూ చెప్పేది.

రోడ్డుకు అవతల ఒక పెళ్ళింటి ముందు రంగుబట్టలూ కాగితం పూలూ చుట్టి పెద్ద ద్వారం కట్టారు. మా ఊళ్ళో దాన్నీ కమాన్ అనే అంటారు. నేను అరిచింది విని జీపు తనంతట తానే అడ్రసు వెతుక్కుందేమో, తిన్నగా దానిలోకే పోయింది. గుంజలు విరిగాయి. తల నిండా పూలతో, మెడలో రంగుబట్టతో సారు అవతలికి తేలాడు. దుమ్ములో బండి అలంకారం చూసి బ్యాండువాళ్ళు వరుడొచ్చాడనుకుని వాయించేశారు. ఆడవాళ్ళు హారతి పళ్ళెంతో ఉరికొచ్చారు. ఒకామె అలవాటు కొద్దీ బొట్టు కూడా పెట్టేసింది.

"పెండ్లికొడుకు జర ముదిరినట్టున్నడు ఏందే" అంది ఒక ముసలమ్మ.

"జర ఏంది పెద్దమ్మా, పిల్ల తాత ఈడు" అంది ఇంకొకామె.

నేను వెళ్ళి పెళ్ళివారి కాళ్ళూ గడ్డాలూ పట్టుకుని, విరిగిన గుంజలు నేనే నిలబెడతానని ఒప్పుకుని సారును బయటికి తెచ్చాను.

"కమాన్ అన్నది నువ్వే గదరా" అన్నాడు సారు, నుదుట కుంకుమతో.

"అన్న సార్. కమాన్ ఖరాబైందని అన్న."

"కమాన్ అంటే రమ్మని."

"కమాన్ అంటే పట్టీలు సార్."

"మరి నౌ అంటే ఔ అన్నవ్."

"ఔ అంటే ఔ సార్."

"గందుకే వచ్చిన."

అని ఆగాడు. నాలుకతో పైపెదవి వెనక ఏదో వెతికాడు. ముఖం మారిపోయింది.

"దాసూ. బండి ముంగట ఊగుడు బంద్ చేయమంటే, ఇగో నా ముంగటి పన్ను ఊగుతున్నది."

అప్పుడైనా నోరు మూసుకోవాలి కదా. పొద్దుటినుంచి మెకానిక్ బుర్రతో ఉన్నాను.

"ఎన్ని మైళ్ళ స్పీడుల ఊగుతున్నది సార్?"

సారు నమస్తే కూడా అనలేదు. రిక్షా ఎక్కి వెళ్ళిపోయాడు. సంబంధం పోయిందని నేను గుంజలు పాతుతూ కూర్చున్నాను.

మరునాడు మా అత్త వచ్చింది. "సారైతే వద్దే వద్దన్నడురా. కని గా పన్ను ముచ్చట ఆయనే ఇంట్ల చెప్పిండట. పిల్ల నవ్వి నవ్వి బువ్వ గూడ తినలే. గట్లడిగినోన్నే చేసుకుంట అని కూసున్నది."

తర్వాత మా ఉస్తాద్ వచ్చి ఆ పట్టీలే సరిచేశాడు, ఊగుడు ఆగింది. రోగం సరిగ్గా పట్టినవాడు నేనేనని సారు ఇష్టం లేకుండా ఒప్పుకుని, ఊడిన పన్ను సందులోంచి గాలి పోతుండగా మమ్మల్ని దీవించాడు.

కాబట్టి చదువరులారా, ఎడమచెయ్యి బైబిలు మీదా, కుడిచెయ్యి మా ఉస్తాద్ పెద్ద పానా మీదా పెట్టి ప్రమాణం చేస్తున్నాను: నడుస్తున్న ఇంజను కింద గానీ, ఊగుతున్న పన్ను ఎదుట గానీ, బతికున్నంతకాలం ఏ భాషలోనూ నోరు తెరవను గాక తెరవను.