తెల్ల ప్లేటు బండి

మా ఆయనది సాలూరు. ఆ ఊళ్లో మగపిల్లలకి నడక వచ్చిన కొత్తలోనే లారీ వాసన అలవాటైపోతుంది. ఆయన పెళ్లికి ముందు నుంచీ ఎవరెవరివో లారీలు ఒరిస్సా కొండదారుల్లో, ఆ ఘాటీల్లో తోలాడు. నడుం పట్టేసి, కూర్చుంటే లేవలేని స్థితి వచ్చాక, "ఇంక లారీ నా వల్ల కాదే" అన్నాడు. శ్రీకాకుళంలో అద్దెకి ఉంటున్నాం అప్పటికే. నేను ఇంట్లో జాకెట్లు కుడతాను. నా గొలుసు అమ్మిందీ, ఆయన దాచుకున్నదీ కలిపి వైజాగ్‌లో ఒక పాత కారు కొన్నాం. దాన్ని కిరాయికి తిప్పుకుని బతుకుదామనే కొన్నాం.

కిరాయికి తిప్పాలంటే తెల్ల నంబరు ప్లేటు తీసేసి పసుపు ప్లేటు వేయించాలి. పర్మిట్టు, టాక్సు ఎలాగో తట్టుకోవచ్చుననుకున్నాడు. ఇన్సూరెన్సు ఏజెంటు దగ్గరికి వెళ్లొచ్చిన రోజు మాత్రం చెప్పులు విడవకుండానే గుమ్మంలో కూర్చుండిపోయాడు.

"ఏటి మావా, ఎంతన్నాడు?"

"సొంత కారుకి కట్టీదే మన మూడు నెల్ల ఇంటద్ది. టాక్సీ అంటే అంతకి రెండింతలు పైనే అంటన్నాడు. అదీ యేడాది యేడాదీ." చెప్పులు విడుస్తూ నవ్వాడు. "మా సాలూర్లో లారీ ఓనరు పెళ్లాం మెళ్లో గొలుసుందో లేదో సూస్తే తెలిసిపోతాది, ఇన్సూరెన్సు కట్టీసేడో లేదో."

ఆ యేడాదికి తెల్ల ప్లేటుతోనే తిప్పి, గిరాకీ కుదురుకున్నాక మార్చేద్దాం అన్నాడు. సొంత కారు కింద ఫుల్ ఇన్సూరెన్సు కట్టాడు. మా కార్ల స్టాండులో సగం బళ్లు అలా తిరిగేవే. మరుసటి యేడు టైర్లు పోయాయి. ఆ పై యేడు ఇన్సూరెన్సే ఇంకా పెరిగింది. ప్లేటు తెల్లగానే ఉండిపోయింది.

మా వీధికి చేపలు తెచ్చే ఆవిడ ఒకావిడ ఉండేది. భావనపాడు నుంచి తెల్లారకుండా ఆటో పట్టుకుని వచ్చి, తట్ట నెత్తిన పెట్టుకుని వీధులన్నీ తిరిగేది. మా ఆయన ఆవిణ్ణి అక్కని పిలిచినట్టు అప్పా అనేవాడు. నాకు వదిన. కొడుకులిద్దరూ గుజరాత్‌లో బోట్ల మీద ఉంటారు. ఆవిడ భర్తని మా ఆయన బావా అనేవాడు, నేను అన్నయ్యా అనేదాన్ని. ఆయనకి కిడ్నీలు పాడైపోయాయి. ఆ పక్క ఊళ్లలో ఆ జబ్బు లేని వీధి లేదు. నెలనెలా ఆయన్ని వైజాగ్ ఆసుపత్రికి చూపించాలి. బస్సులో కూర్చోలేడు. అలా మా కారు కుదిరింది.

వదిన బేరం ఆడేది కాదు. ఇచ్చిన డబ్బులు చాలవని తెలిసి, మర్నాడు నా గిన్నెలో నాలుగు చేపలు ఎక్కువ పడేసేది. వాళ్లది బాప్టిస్టు సంఘం. కారు కదిలే ముందు బోనెట్ మీద చెయ్యి పెట్టి గట్టిగా ప్రార్థన చేసేది. మా ఆయన బంపరుకి నిమ్మకాయ కట్టేవాడు. ఒకరి నమ్మకానికి ఒకరు అడ్డు చెప్పుకున్నది లేదు.

ఆ రోజు వైజాగ్ నుంచి తిరిగొస్తున్నారు. మధ్యాహ్నం, జోరున వాన. వెనక సీటు మొత్తం అన్నయ్యకి పడుకోడానికి ఇచ్చి వదిన ముందు సీట్లో కూర్చుంది. రణస్థలం దాటాక హైవే మీదే ఒక రాళ్ల లారీ ఆపి ఉంది. దీపం లేదు, వెనక ఒక కొమ్మయినా కట్టలేదు. అదే క్షణంలో బైకువాడొకడు అడ్డం వచ్చాడట. వాణ్ణి తప్పించబోతే కారు ఎడమ పక్క మొత్తం లారీ కిందికి పోయింది. జనం చేరి వీళ్లని బయటికి లాగేలోపు ఆ లారీ వెళ్లిపోయింది. నంబరు ఎవరూ చూడలేదు.

మా ఆయనకి పక్కటెముకలు విరిగాయి. వెనక పడుకున్న అన్నయ్యకి గీత కూడా పడలేదు. వదినకి ఎడమ కాలు మోకాలి కింద తీసేశారు.

ఆసుపత్రి వరండాలోకి ఏజెంటు వచ్చి నన్ను పక్కకి పిలిచాడు. మంచివాడే, గొంతు తగ్గించి మాట్లాడాడు. "అమ్మా, కిరాయి మాట ఎవరూ ఎత్తకండి. సొంత కారులో సుట్టాలు ఎళ్లేరంటే కంపెనీ ఆవిడకి డబ్బిస్తాది. కిరాయి తీసుకున్నాడని తేలితే పైసా ఇవ్వరు. అంతా మీ ఆయన మీదే పడతాది."

నేనే వెళ్లి వదినకి చెప్పాను. మత్తు పూర్తిగా దిగలేదు. దుప్పటి కింద ఒక పక్క చదునుగా ఉంది. అటు చూడకుండా చెప్పాను.

"సుట్టం కాకపోతే మీరు నాకు ఇంకేటే?" అంది. "అందులో అబద్దమేటుంది?"

"డబ్బులిచ్చేనని మాత్రం అనకు వదినా."

కళ్లు మూసుకుంది. "అననులే" అంది.

అన్నయ్యకి కూడా చెప్పాం. తలూపాడు. ఆయన ఆ రోజుల్లో ఏం చెప్పినా తలూపేవాడు.

కొన్ని వారాల తర్వాత కంపెనీ తరఫున వివరాలు కనుక్కునే మనిషి భావనపాడు వెళ్లాడు. వదిన ఆ వేళ కట్టు మార్పించుకోడానికి ఆసుపత్రిలో ఉంది. అన్నయ్య ఒక్కడే గుమ్మం ముందు మంచం మీద పడుకుని ఉన్నాడు. వచ్చినతను మంచినీళ్లు అడిగి తాగాడు. జబ్బు గురించి అడిగాడు. తన మావగారికీ ఇదే కష్టమన్నాడు. నిజమో కాదో నాకు తెలీదు. వైజాగ్ దాకా ఎలా వెళ్తున్నారని అడిగాడు.

ఇదంతా మాకు ఎవరో చెప్పలేదు. ఆ సాయంత్రం అన్నయ్యే ఫోన్ చేశాడు. మా ఆయన ఛాతీకి పట్టీ ఉండి ఫోన్ ఎత్తి పట్టుకోలేడు, నేనే చెవి దగ్గర పెట్టాను. మాట నాకూ వినబడుతోంది. చాన్నాళ్లకి అన్నయ్య గొంతులో హుషారు.

"తమ్ముడూ, నీకో గిరాకీ సెప్పేను రా. ఎవులో బాబొచ్చేడు. ఆల మావకీ నా జబ్బేనట. మాకు శ్రీకాకుళంలో తమ్ముడున్నాడు, అందరికన్నా తక్కువ తీసుకుంటాడు, సొంత మనిసిలాగ సూసుకుంటాడని సెప్పేను. నీ నెంబరు కూడా ఇచ్చేను. కాయితం మీద నిశానీ ఎయ్యమంటే ఏసేను. నువ్వు లేచి తిరగ్గానే ఫోన్ సేస్తాడు సూడు."

మా ఆయన నా ముఖం చూశాడు. నేను నేల చూశాను.

"మంచిది బావా. పడుకో మరి" అన్నాడు.

ఏమయిందో అన్నయ్యకి మేం చెప్పలేదు. వదినకి తెలిశాక ఆవిడా చెప్పలేదు. డబ్బు ఇవ్వం అని కంపెనీ నుంచి కాగితం వచ్చిన రోజు వదిన తనే ఫోన్ చేసింది. లాయరు కంపెనీ మీదా, బండి ఓనరు మీదా కూడా కేసు వెయ్యాలన్నాడట.

"ఒరే తమ్ముడూ, నీ మీద కేసు ఏస్తన్నాను. ఏటి సెయ్యమంటావు నన్ను?"

"ఎయ్యప్పా" అన్నాడు మా ఆయన. "ఎయ్యకపోతే ఎలాగవుతాది."

కారు పాత ఇనుము కింద పోయింది. మా స్టాండులో నలుగురైదుగురు భయపడి పసుపు ప్లేటు సంగతి కనుక్కోడానికి అదే ఏజెంటు దగ్గరికి వెళ్లారు. ఎంతవుతుందో విని తిరిగొచ్చేశారు. ఆ బళ్లే ఇప్పటికీ రోగుల్ని వైజాగ్ తీసుకెళ్తున్నాయి. వాళ్లని నేనేం అనగలను. ఆసుపత్రి ఆగదు, ఇంట్లో పొయ్యీ ఆగదు.

ఎముకలు కాస్త అతుక్కోగానే మా ఆయన సాలూరు వెళ్లి మళ్లీ లారీ ఎక్కాడు. నడుముకి బెల్టు కట్టుకుని తోలుతున్నాడు. ఇంటికి వచ్చినప్పుడు మంచం ఎక్కలేక చాప మీదే పడుకుంటాడు.

అన్నయ్య ఆ యేడు దాటలేదు. కబురు తెలిసి ఇద్దరం భావనపాడు వెళ్లాం. పెద్దకొడుకు రైల్లో ఉన్నాడు, చిన్నవాడు సముద్రం మీద. మా ఆయన లోపలికి రావడానికి మొహమాటపడి ఆరేసిన వలల పక్కన నిలబడ్డాడు. సంఘం ఆడవాళ్లు పాడుతున్నారు. వదిన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉంది, చంక కర్ర గోడకి ఆన్చి ఉంది. ఆవిడే కేకేసింది.

"అక్కడేటి నిలబడతన్నావు, పరాయోడిలాగ! రా, పెట్టికి ఒక పక్క పట్టు."

విరిగిన వైపు భుజం మీదే పెట్టుకుని సమాధుల దాకా మోశాడు. దారిలో ఎవరో మార్చుకుంటామన్నా ఇవ్వలేదు.

కేసు నడిచినన్నాళ్లూ వాయిదాలకి మా ఆయన బదులు చాలాసార్లు నేనే వెళ్లాను. కోర్టు వరండాలో ఉన్నది ఒకే బల్ల. వదినా నేనూ దాని మీదే కూర్చునేవాళ్లం. మా లాయర్లు లోపల ఒకరి మీద ఒకరు లేచేవారు. నా కేరేజీలో అన్నం ఇద్దరం తినేవాళ్లం. ఒకసారి ముద్ద చేతిలో పట్టుకునే అంది.

"నీ మొగుడు సెడ్డోడు కాదే మరదలా. గానీ నా కాలు నాకు లేదు గదా. తట్ట ఎత్తలేను, ఈది తిరగలేను. నానెవుడ్ని అడగాల?"

నేను ఆవిడకి మజ్జిగ పోశాను.

చివరికి కంపెనీకి బాధ్యత లేదనే తేల్చారు. కిరాయికి తిప్పాడు కాబట్టి డబ్బు ఓనరే ఇవ్వాలన్నారు. అంత డబ్బు మా జన్మలో చూడలేదు. వదిన లాయరుతో మాట్లాడి నెలనెలా కొంత కట్టేలా ఒప్పించింది. లారీ ట్రిప్పులు బాగున్న నెల పంపిస్తాం. ఘాటీలో కొండ జారి దారి మూసేసినా, ఆయన నడుం లేవనివ్వకపోయినా ఆ నెల పంపలేం.

ఆవిడ ఇప్పుడు ఇంటి అరుగు మీద కూర్చుని ఎండుచేపలు అమ్ముతోంది. కొనేవాళ్లు అంతదూరం ఎంతమంది వస్తారు. పంపలేని నెల ఫోన్ చేసి తిడుతుందేమోనని చూస్తాను. ఆవిడ చెయ్యదు. ఇంతకుముందు చిన్నదానికీ పెద్దదానికీ రోజూ ఫోన్ చేసే మనిషి. తిట్టడానికైనా చేస్తే బాగుండునని ఉంటుంది నాకు.