జోలీన్ వెయ్యని ఓటు

జోలీన్ మా ఊరి బోర్డులోకి ఎవరినో ఓడించి రాలేదు. ఆ కుర్చీలో కూర్చోవడానికి ఇంకెవరూ ఒప్పుకోక వచ్చింది. ఏళ్ల తరబడి కంచె తగాదాలూ, పందుల షెడ్ల కంపు పంచాయితీలూ తీర్చింది. ఎవరైనా గొంతు పెంచితే "ముందు కాఫీ తాగు, తర్వాత అరుద్దువుగాని" అనేది. బడి రోజుల నుంచీ నేనామె స్నేహితురాలిని. అలాంటి మనిషికి నిద్ర కరువవడం ఈ హైటెన్షన్ లైన్ గొడవ వచ్చాకే చూశాను.

కరెంటు కోసం పెట్టిన గాలిమరలు మంచివే, కాదనను. కానీ ఆ కరెంటు దానంతటదే నగరానికి నడిచిపోదు కదా! లైన్‌కి మా విస్కాన్సిన్ పల్లెలో రెండు దారులు చూపించారు. ఒకటి నది పక్క చిత్తడి నేల మీదుగా. వలసపోయే సారస కొంగలు ఏటా దిగేది అక్కడే. రెండోది రోడ్డు వెంబడి, మెర్విన్ పొలంలోంచి. స్తంభాలు పడితే అతను బతికినన్నాళ్లూ వాటి చుట్టూ కోత మిషన్ తిప్పుకోవాలి.

బోర్డు ఎటంటే అటే వేస్తామని కంపెనీ చెప్పింది. ఐదుగురు సభ్యుల్లో ఇద్దరు ఇటు, ఇద్దరు అటు. మిగిలింది జోలీన్. పొగమంచులో తీగలు తగిలి కొంగలు చస్తాయని ఆమె భయం. మనసు పొలం దారి వైపే ఉంది. కానీ మెర్విన్ పక్కింటివాడు, ఆమె భర్త హార్లన్‌కి ప్రాణస్నేహితుడు. కుడితిలో పడ్డ ఎలుకలా కొట్టుకుంది.

సరిగ్గా అప్పుడే హార్లన్‌కి గుండె ఆపరేషన్ అయింది. మొక్కజొన్న కోతకొచ్చి నిలబడి ఉంది. మంచు పడితే పంట పోతుంది, పంట పోతే పొలమే పోతుంది. మా దగ్గర మనిషి మంచాన పడితే ఇరుగుపొరుగు మిషన్లు తెచ్చి పంట కోసిపెడతారు. వాళ్లంతట వాళ్లే రావాలి. అడగడం నామర్దా. జోలీన్ రోజూ కిటికీ దగ్గర నిలబడి రోడ్డు వైపు చూసేది.

"ఈ గొడవ తేలేదాకా ఎవరూ రారేమోనే," అంది నాతో. "వాళ్లని అని ఏం లాభం? వాళ్ల చోట నేనున్నా రానేమో."

"పిచ్చిమాటలు మాట్లాడకు, వస్తారు," అన్నాను. నాకూ నమ్మకం లేదు.

బోర్డు ఓటేసే మీటింగుకి ముందు శనివారం పొద్దున్నే వచ్చారు. అందరికంటే ముందు మెర్విన్ మిషనే. పొద్దు వాలేసరికి చేను ఖాళీ అయింది. నేనూ జోలీనూ హామ్ శాండ్‌విచ్‌లూ, ఆపిల్ ముక్కలు పెట్టి కాల్చిన తీపి 'పై' కూడా పెట్టాం. లైన్ మాట ఒక్కరూ ఎత్తలేదు. ఎత్తి ఉంటేనే బాగుండేది.

"మెర్విన్, నీకేమని చెప్పను..." అని జోలీన్ మొదలుపెట్టింది.

"'పై'లో చక్కెర మరిచిపోయానని చెప్పు, చాలు," అన్నాడు మెర్విన్.

అందరూ నవ్వారు. జోలీన్ వంటింట్లోకి వచ్చి నా చెయ్యి పట్టుకుంది. "ఇప్పుడు కొంగల వైపు చెయ్యెత్తితే విశ్వాసం లేనిదాన్ని. మెర్విన్ వైపు ఎత్తితే అమ్ముడుపోయినదాన్ని. ఏం చెయ్యనే?"

మంగళవారం మీటింగులో చేతులెత్తే వేళ ఆమె లేచి నిలబడింది.

"శనివారం మా పంట కోసిపెట్టింది మెర్విన్. అంత మేలు పొందాక నేను దీంట్లో ఓటెయ్యడం న్యాయం కాదు. తప్పుకుంటున్నాను."

నాకు గర్వంగా అనిపించింది. మెర్విన్ మొహం చూసేదాకానే.

ఓట్లు సమానమయ్యాయి. "అయితే దగ్గరి దారి తీసుకుంటాం, చిత్తడి మీదుగా," అన్నాడు కంపెనీ మనిషి, కాగితాలు సర్దుకుంటూ. జోలీన్ కళ్లు మూసుకుంది.

బయట మెర్విన్ తన ట్రక్కు తలుపు తీస్తున్నాడు. జోలీన్ అతని దగ్గరికెళ్లింది.

"పోనీలే మెర్విన్, నీ పొలం దక్కింది."

"నా పొలంలో స్తంభాలు పాతమని నువ్వు చెయ్యెత్తినా, క్రిస్మస్ దాకా తిట్టుకుని ఊరుకునేవాణ్ణి," అన్నాడు. "నేనొచ్చింది హార్లన్ కోసం. నువ్వు ఊరందరి ముందూ దాన్ని లంచం చేశావు."

"నా ఉద్దేశం అది కాదు..."

మెర్విన్ ట్రక్కెక్కి తలుపేసుకున్నాడు. అద్దం దించి, ఆమె వైపు చూడకుండానే అన్నాడు:

"రేపు నేను మంచాన పడితే, మీరు మాత్రం రావొద్దు."